లంక కప్ప పెద్దదా, గట్టు కప్ప పెద్దదా: కొలిచే సరుకుల మీద సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాం. గోదావరి లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, ఉండే గోదురు కప్పల్నీ ఏటిగట్టుకి లోపలి ఊళ్లలో ఉండే గోదురు కప్పల్నీ కొలిచి పోల్చాలనుకునేవాళ్లు సెల్లుతో నడిచే డిజిటల్ వెర్నియర్ (రెండు మూతుల మధ్య వస్తువుని పట్టి పొడవు కొలిచే స్కేలు) కొనక్కర్లేదు. చేత్తో జరిపే 150 మి.మీ. స్టీలు వెర్నియర్ ఒకటి, 100 గ్రాముల స్ప్రింగ్ కాటా ఒకటి కొనండి. మిగిలిన డబ్బు పడవకీ, చేతి తొడుగులకీ, నెత్తికి కట్టుకునే టార్చిలైటుకీ ఉంచుకోండి. కింద రాసిందంతా ఈ మాటకి కారణాలు, ఆ రెండు వస్తువులతో కొలత చెడకుండా తీసే పద్ధతి.

ఏ కప్ప అన్నది ముందు తేల్చుకోవాలి. చీకటి పడగానే వీధి లైటు కిందా, గుమ్మం మెట్టు పక్కనా, తూము దగ్గరా వచ్చి కూర్చునే గరుకు చర్మం కప్ప ఇది. పెద్ద గెంతులు వేయదు, చిన్న చిన్న దూకుళ్లతో పోతుంది. కళ్ల మీదుగా నల్లటి గట్లు, కళ్ల వెనక రెండు పక్కలా ఉబ్బిన విషగ్రంథులు, వీపంతా నల్ల మొన తేలిన బుడిపెలు ఉంటాయి. శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. 1799లో ష్నైడర్ దీన్ని వర్ణించాడు. చాలాకాలం బ్యూఫో అనే ప్రజాతిలో ఉండి, 2006లో మన దేశపు ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరుతో ఏర్పడిన ప్రజాతిలోకి మారింది. వానల్లో పసుపు రంగు తేలి చెరువు నిండా అరిచే బోదురు కప్ప వేరు, నున్నటి చర్మంతో పొలాల్లో గెంతే కప్పలు వేరు. వాటి జోలికి ఈ సమీక్ష పోదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇదే ప్రజాతిలో డట్టాఫ్రైనస్ స్కేబర్ అని చిన్న జాతి ఉంది. అది పూర్తిగా ఎదిగినా సుమారు ఐదు సెంటీమీటర్ల లోపే. దాన్ని పెద్ద జాతి పిల్ల అనుకుని లెక్కలో కలిపితే, అది ఎక్కువగా దొరికిన వైపు కప్పలన్నీ పొట్టివని తేలుతుంది. నాలుగు సెంటీమీటర్ల కప్పకి ముందరి కాళ్ల లోపలి వేళ్ల మీద నల్లటి గరుకు మచ్చలు కనిపిస్తే అది పిల్ల కాదు, ఎదిగిన మగది, చిన్న జాతిది. తల మీద నల్ల గట్లు అసలే లేకపోతే అది డట్టాఫ్రైనస్ స్టొమాటికస్ కావచ్చు. ఏదో తేలని కప్పని ఫొటో తీసి వదిలేయండి, లెక్కలోకి తీసుకోకండి.

ఈ కొలతల వెనక ప్రశ్న పాతదే. 1964లో జె. బ్రిస్టల్ ఫోస్టర్ దీవుల క్షీరదాల మీద ఒక గమనిక ప్రచురించాడు. దీవిలో చిక్కుకున్న ఎలుక జాతులు పెద్దవవుతాయి, వేటాడే జంతువులూ గిట్టల జంతువులూ చిన్నవవుతాయి అని దాని సారాంశం. 1973లో వాన్ వాలెన్ దీన్ని దీవి సూత్రం అన్నాడు. కప్పల విషయంలో ఆ సూత్రం అంత గట్టిగా నిలబడదు. కొన్ని దీవుల్లో కప్పలు పెద్దవైన దాఖలాలు ఉన్నాయి, చిన్నవైనవీ ఉన్నాయి. శత్రువులు తగ్గడం, తిండి మారడం, గుంపు పలచబడటం, నీళ్లు నిలిచే కాలం తక్కువ కావడం, వీటిలో ఏది బలంగా పనిచేస్తే కొలత అటు మొగ్గుతుంది. అందుకే ఇది మన డెల్టాలో అడగదగ్గ ప్రశ్న. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, దాన్నుంచి చీలిన వైనతేయ, వీటి మధ్య ఎన్నో లంకలు. అసలు కోనసీమే చుట్టూ నీళ్లున్న నేల. లంకకి గట్టు ఊరు పెద్ద భూమి అయితే, ఆ గట్టు ఊరు కూడా నదికీ సముద్రానికీ మధ్య ఉన్న దీవే. ఇలాంటి చోట కప్పల్ని జాగ్రత్తగా కొలిచిన లెక్క ఏదైనా, తేడా తేలినా తేలకపోయినా, విలువైనదే.

ఇక సరుకు. కొట్లో అడిగితే ముందు డిజిటల్ వెర్నియరే చేతిలో పెడతారు. 0.01 మి.మీ. దాకా చూపిస్తుందని గొప్పగా చెబుతారు. ఆ అంకె ఈ పనికి ఎందుకు అక్కరకు రాదో లెక్క వేసి చూడండి. ఒక ఊళ్లో ఎదిగిన ఆడ కప్పల పొడవుల్లో ఒకదానికీ ఇంకొకదానికీ సహజంగా ఉండే చెదురు 6 మి.మీ. అనుకుందాం. లంకకీ గట్టుకీ సగటు తేడా 3 మి.మీ. ఉంటే దాన్ని పట్టుకోవాలి. లేని తేడాని ఉందని పొరపడే అవకాశం మామూలుగా వాడే 5 శాతం హద్దు దాటకుండా, ఉన్న తేడా నూటికి ఎనభై సార్లు పట్టుబడేలా చూసుకుంటే ఒక్కో వైపు 63 కప్పలు కావాలి. ఇప్పుడు కొలిచేవాడి చెయ్యి ఒక్కోసారి ఇటూ అటూ 2 మి.మీ. తడబడుతుందనుకోండి. ఆ తడబాటు కూడా చెదురులో కలిస్తే కావలసిన కప్పలు 63 నుంచి 70 అవుతాయి. అంతే. రెండు మిల్లీమీటర్ల తడబాటుకి ఏడు కప్పలు అదనం. అలాంటప్పుడు వందో వంతు మిల్లీమీటరు కోసం డబ్బు పోయడంలో అర్థం లేదు.

కొలతని పాడుచేసేది తడబాటు కాదు, ఒకే వైపుకి ఒరిగే తప్పు. లంక కప్పల్ని ఒకరు, గట్టు కప్పల్ని ఇంకొకరు కొలిచి, అందులో ఒకరు కప్ప నడుముని కొంచెం ఎక్కువ నొక్కి చాపారనుకోండి. 2 మి.మీ. తేడా అక్కడే పుడుతుంది. ఎన్ని వందల కప్పల్ని కొలిచినా అది పోదు. కప్పల సంఖ్య పెరిగేకొద్దీ ఆ తప్పు ఇంకా నమ్మకంగా నిజంలా కనిపిస్తుంది. కాబట్టి పరికరంలో చూడాల్సింది అంకెలు ఎన్ని ఉన్నాయని కాదు. సున్నా కదలకుండా ఉంటుందా, తడిలో పనిచేస్తుందా, అదే మనిషి అదే పరికరంతో రెండు వైపులా కొలవడానికి నెలల తరబడి నిలుస్తుందా అని.

సుమారు వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరికే మామూలు డిజిటల్ వెర్నియర్ ఈ పరీక్షలో నిలబడదు. దాని స్కేలు కింద రాగి పట్టీలు ఉంటాయి, జరిగే భాగంలోని పట్టీలకీ వీటికీ మధ్య విద్యుత్ ధారకతలో మార్పుని బట్టి అది పొడవు లెక్కిస్తుంది. ఆ మధ్యలో పల్చటి నీటి పొర చేరినా లెక్క తప్పుతుంది. వానాకాలం రాత్రి, తడి చేతులతో, తడి కప్పతో చేసే పని ఇది. అంకెలు గెంతుతాయి, ఆగిపోతాయి, ఒక్కోసారి చూడ్డానికి సరిగ్గానే ఉండి పది మిల్లీమీటర్లు తప్పు చూపిస్తాయి. చివరిదే ప్రమాదం, ఎందుకంటే చీకట్లో ఎవరూ అనుమానించరు. రెండో లోపం సెల్లు. ఆఫ్ చేసినా లోపల కొంత కరెంటు లాగుతూనే ఉండటం చవక రకాల్లో మామూలు. వీటిలో వచ్చే ఎల్ఆర్44 క్షారపు సెల్లు వాడేకొద్దీ వోల్టేజి నెమ్మదిగా దిగుతుంది. ఎస్ఆర్44 సిల్వర్ ఆక్సైడ్ సెల్లు చివరిదాకా నిలకడగా ఉంటుంది. ఇప్పటికే డిజిటల్ ఉన్నవాళ్లు కనీసం సెల్లు మార్చుకోండి, పెట్టెలో పెట్టేటప్పుడు సెల్లు తీసేయండి.

మిటుటోయో లాంటి జపాన్ కంపెనీల్లో ఐపీ67 అని (దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే గుర్తు) రాసి ఉండే రకాలు వేరు. అవి విద్యుదయస్కాంత ప్రేరణతో పనిచేస్తాయి, నీళ్లు పడినా లెక్క తప్పవు. అంత ఖర్చు పెట్టగలిగిన కాలేజీలు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. అయితే ఆ పేరుతో నకిలీలు ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతున్నాయి, అధీకృత డీలరు బిల్లు లేకుండా తీసుకోవద్దు. ఈ పని వరకూ చూస్తే దానికీ మంచి స్టీలు వెర్నియర్‌కీ ఫలితంలో తేడా రాదు.

ప్లాస్టిక్ వెర్నియర్‌ని మేము తీసిపారేయం. తేలిక, తుప్పు పట్టదు, మూతులు కప్పకి గుచ్చుకోవు, విరిగితే పెద్ద నష్టం లేదు. కానీ దాని మూతులు వంగుతాయి. కొంచెం గట్టిగా నొక్కితే మూతి చివర అర మిల్లీమీటరు పైనే పక్కకి పోతుంది, కొలత మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. ఇంకొకటి, దోమల క్రీము. డీట్ అనే రసాయనం ఉన్న క్రీములు కొన్ని రకాల ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. క్రీము రాసుకున్న చేత్తో పట్టుకుంటే గీతలు చెదిరి, గాజులా ఉండే భాగం పాలిపోతుంది. ఆ చేతులతో కప్పని ముట్టుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. కప్ప చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది, చేతిమీది మందు కూడా దానితోపాటే లోపలికి పోతుంది. లంకలో దోమలు ఎంత ఉన్నా సరే, క్రీము చేతులకి రాయొద్దు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ఇక మేము ఎంచుకున్న స్టీలు వెర్నియర్. కనీసపు కొలత 0.02 మి.మీ. ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి. దొరికితే 0.05 రకం తీసుకోండి. 0.02 రకంలో యాభై గీతలుంటాయి, టార్చి వెలుగులో ఏ గీత ఏ గీతతో కలిసిందో చూడటానికి కళ్లు చాలవు. 0.05లో ఇరవై గీతలే. చదివాక దగ్గరలోని 0.1కి సరిచేసి రాసుకుంటే చాలు. అద్దంలా మెరిసే పూత వద్దు, టార్చి వెలుగు తిరిగి కళ్లలో పడుతుంది. బూడిద రంగులో మసకగా ఉండే క్రోమ్ పూత మేలు. మూతుల లోతు 40 మి.మీ. ఉండేది చూసుకోండి. పొట్ట ఉబ్బించుకున్న పెద్ద ఆడ కప్ప దానికన్నా తక్కువ లోతులో పట్టదు.

కొట్లో కొనేటప్పుడే చేసే పరీక్ష అయిదు నిమిషాలది. మూతులు పూర్తిగా మూసి లైటుకి ఎదురుగా పట్టండి. మధ్యలో వెలుగు గీత కనిపించకూడదు. సున్నా గీతలు కలవాలి. కలవకపోతే ఎంత తేడా ఉందో రాసుకుని ప్రతి కొలతలోంచీ తీసేయొచ్చు, కానీ మూసిన ప్రతిసారీ తేడా మారుతుంటే ఆ ముక్క తిరిగి ఇచ్చేయండి. జరిగే మూతిని రెండు వేళ్లతో అటూ ఇటూ ఊపండి. ఊగితే పైన ఉన్న రెండు చిన్న స్క్రూలు వదులయ్యాయని అర్థం. వాటిని ఆగేదాకా బిగించి, ఒక్క పిసరు వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఏ లేతు షాపులో అడిగినా చూపిస్తారు, ఈ పనిలో వాళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది. తరవాత తెలిసిన కొలతలు. సైకిలు వెనక చక్రం హబ్‌లో పడే బేరింగు గుండు పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. 2011 వరుస పది రూపాయల నాణెం 27 మి.మీ., అదే వరుస పసుపు రంగు ఐదు రూపాయల నాణెం 23 మి.మీ. 2019 నుంచి వచ్చిన కొత్త వరుసలో ఐదు రూపాయల నాణెం కొలత వేరు, కాబట్టి నాణెం మీద ఏడాది చూసుకోండి. మూడింటికీ 0.1 లోపల వస్తే పరికరం మంచిది.

కప్పని కొలిచే తీరు మీదే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి వెర్నియర్ కూడా ఇక్కడే ఓడిపోతుంది. కొలవాల్సింది ముక్కు కొస నుంచి వెనక ద్వారం దాకా. కాళ్లు లెక్కలోకి రావు. పట్టుకోగానే గోదురు కప్ప చేసే మొదటి పని నడుము పైకెత్తి గూనిగా కూర్చోవడం. వీపు మధ్యలో, తుంటి ఎముక కలిసే చోట, ఒక మడత లేస్తుంది. ఆ మడతతో కొలిస్తే 70 మి.మీ. కప్ప 66, 67 వస్తుంది. బెదిరిన కప్ప ఎక్కువ గూని చేస్తుంది, మచ్చికగా ఉన్నది తక్కువ చేస్తుంది. లంకలో మనుషుల అలికిడి తక్కువై కప్పలు ఎక్కువ బెదిరితే, ఆ బెదురే కొలతగా నమోదవుతుంది.

అందుకని ఇలా చేయండి. తడిపిన చేతి తొడుగుతో కప్పని తీసుకుని, తడి గుడ్డ పరిచిన పలక మీద బోర్లా పెట్టండి. అరచేతిని గొడుగులా కప్పి, తలకి వెలుగు తగలకుండా అర నిమిషం ఆగండి. ఊపిరి నెమ్మదిస్తుంది, నడుము దానంతట అదే దిగుతుంది. అప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు తుంటి మడతకి రెండు పక్కలా ఆనించి, కాగితం మడత చదును చేసేంత ఒత్తిడి మాత్రమే ఇవ్వండి. రెండో చేత్తో వెర్నియర్ బద్ద (గీతలున్న పొడుగు పట్టీ) వీపు పైన వచ్చేలా, వెన్నెముకకి సమాంతరంగా దించండి. స్థిరమైన మూతి ముక్కుకి, జరిగే మూతి వెనక ద్వారానికి తగిలీ తగలనట్టు ఉండాలి. మూతుల కొసలతో పట్టుకోకండి. బద్దకి ఎంత దగ్గరగా పట్టుకుంటే మూతి ఒరగడం వల్ల వచ్చే తప్పు అంత తక్కువ. బిగించే స్క్రూ తిప్పి, కప్పని వదిలేసి, తరవాత తీరిగ్గా చదవండి. ప్రధాన స్కేలు మీద 71 దాటి, వెర్నియర్ మీద ఎనిమిదో గీత కలిస్తే, 0.05 రకంలో అది 71.4. మూసి, మళ్లీ మొదటినుంచీ ఇంకో రెండుసార్లు. మూడు కొలతల్లో మధ్యది రాసుకోండి. మూడూ కలిపి మూడు నిమిషాలు దాటకూడదు.

దీంతో పాటు పిక్క ఎముక కొలత తప్పకుండా తీసుకోండి. వెనక కాలుని ఇంగ్లీషు జెడ్ అక్షరంలా మడిచి, మోకాలి మడత బయటి అంచు నుంచి మడమ మడత బయటి అంచు దాకా. అక్కడ కొలతని నిలిపేది ఎముకే, గూని లేదు, ఊపిరితో ఉబ్బేది లేదు. అదే కప్పని రెండు రోజులు కొలిస్తే పొడవు మారొచ్చు గానీ పిక్క కొలత దాదాపు కదలదు. ఒళ్లు పొడవులో తేడా కనిపించి పిక్కలో కనిపించకపోతే, ముందు మీ నొక్కుడుని అనుమానించండి.

సెల్‌ఫోనుతో గళ్ల కాగితం మీద ఫొటో తీసి కొలవడం చాలామంది ఇష్టపడతారు, కప్పకీ ఇబ్బంది తక్కువ. కానీ కాగితం కిందుంటుంది, కప్ప వీపు పైనుంటుంది. ఫోను కాగితానికి 30 సెం.మీ. ఎత్తున ఉండి, కప్ప వీపు 2 సెం.మీ. ఎత్తున ఉంటే, 70 మి.మీ. కప్ప 75 చూపిస్తుంది. ఫోను 60 సెం.మీ. పైకెత్తితే 72.4. అంటే రెండు చోట్ల ఫోను పట్టుకున్న ఎత్తులో తేడా ఉంటే చాలు, కప్పల్లో లేని తేడా పుడుతుంది. ఫొటో జాతిని గుర్తించడానికి ఉంచుకోండి, కొలతకి వద్దు.

కాటాల విషయం తొందరగా తేల్చేయొచ్చు. బంగారం తూచే తరహా జేబు కాటా, 200 గ్రాములకి 0.01 చూపించేది, ఇంట్లో బల్ల మీద బాగానే ఉంటుంది. ఏటి ఒడ్డున గాలికి చివరి రెండు అంకెలు నిలవవు, సమతలం దొరకదు, నిమిషం ఆగితే ఆగిపోయి సంచి బరువు తీసేసిన లెక్క మర్చిపోతుంది. పడవలో అయితే అసలు పెట్టొద్దు. స్విట్జర్లాండు పెసోలా కంపెనీ 100 గ్రాముల స్ప్రింగ్ కాటాలో ఒక గ్రాముకి ఒక గీత ఉంటుంది. ఖరీదే గానీ గాలికీ వానకీ నిలుస్తుంది. పైనున్న స్క్రూ తిప్పి ఖాళీ తడి సంచితో సున్నా పెట్టుకోవాలి. సంచి ఎప్పటికప్పుడు నీళ్లు పీలుస్తుంది కాబట్టి అయిదు కప్పలకోసారి సున్నా మళ్లీ చూడాలి. పరీక్షకి పైన చెప్పిన 2011 వరుస ఐదు రూపాయల నాణేలే వాడొచ్చు. ఒక్కోటి 6 గ్రాములు, పది కలిపితే 60.

అయితే బరువు మీద పెద్దగా ఆధారపడకండి. గోదురు కప్ప పొట్టలో నీళ్ల సంచి పెద్దది. నిండుగా ఉన్నప్పుడు ఒంటి బరువులో నాలుగో వంతు దాకా అందులోనే ఉండొచ్చు. పట్టుకోగానే అది వదిలేస్తుంది, కొన్ని వదలవు. గుడ్లతో ఉన్న ఆడ కప్ప బరువుకీ, గుడ్లు పెట్టేసిన దాని బరువుకీ పోలికే ఉండదు. మూత్రం వదిలిందా లేదా, పొట్టలో గుడ్లున్నాయా అన్న రెండు గడులు పుస్తకంలో లేకపోతే బరువు రాయడం దండగ.

ఆడ, మగ వేరుచేయకుండా సగటు తీయడం మేము చూసిన ప్రాజెక్టు పుస్తకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. మగది చిన్నది, ఆడది పెద్దది. తొలకరికి గుంటలో నీళ్లు నిలవగానే మగవి ముందు వచ్చి అరుస్తాయి. అరుపు విని వెళ్లి పట్టుకుంటే దొరికేవన్నీ మగవే. లైటు కింద వెతికితే ఆడవీ పిల్లలూ కూడా దొరుకుతాయి. కరెంటు లైట్లు తక్కువున్న లంకలో అరుపు వెంటా, గట్టు ఊళ్లో వీధి లైటు వెంటా వెళితే లంక కప్పలు పొట్టివని రాసుకుని రావాల్సి వస్తుంది. మగదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. జతకట్టే కాలంలో గొంతు కింద పసుపు ఛాయ తేలుతుంది, వేళ్ల మీద నల్ల మచ్చలుంటాయి. చంకల కింద రెండు వేళ్లతో మెల్లగా పట్టుకుంటే వదలమన్నట్టు తెంపు తెంపుగా అరుస్తుంది. ఆడది అలా అరవదు.

లంకని ఎంచుకోవడం సరుకు సమీక్షలోకి రాదు గానీ, అది తప్పితే ఏ వెర్నియరూ కాపాడదు. వేసవిలో పాయ ఎండి, నడిచి దాటగలిగే లంక కప్పలకి దీవి కాదు. ఏడాది పొడవునా నీళ్లుండి, పడవ తప్ప దారి లేని లంకే కావాలి. అది కూడా సముద్రం మధ్య దీవిలాంటిది కాదు. వరదకి గుర్రపు డెక్క తెప్పల మీద ఎగువ కప్పలు కొట్టుకొస్తాయి, కొత్త రక్తం కలుస్తూనే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ వచ్చినలాంటి పెద్ద వరద లంకని ముంచిపోతే, తరవాత ఏడాది రెండేళ్లు అక్కడ వయసు తక్కువ కప్పలే ఎక్కువ ఉండొచ్చు. కప్ప బతికినన్నాళ్లూ కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి లంక సగటు తక్కువ వస్తే అది దీవి వల్లా, వరద వల్లా అన్నది పొడవు ఒక్కదానితో తేలదు. ఏ వరదకి ఎన్ని రోజులు మునిగిందో లంకవాళ్లని అడిగి, కొలతల పక్కనే రాయండి. పొలాల్నీ పోలికగా ఎంచుకోండి. లంకలో అరటితోట అయితే గట్టు మీదా అరటితోటే. లంక పొగాకు చేనుకి గట్టు మీది రొయ్యల చెరువు గట్టుని జోడీ కట్టొద్దు.

కోరింగ అభయారణ్యం పరిధిలోకి వెళ్లేవాళ్లు అటవీ శాఖ అనుమతి లేకుండా ఏ జీవినీ పట్టుకోకూడదు. మిగిలిన చోట్ల కూడా పని మొదలుపెట్టే ముందే ఆ శాఖ వాళ్లని అడిగి రాతలో తీసుకోవడం మంచిది. కొలిచిన కప్పని పట్టుకున్న చోటే, ఆ రాత్రే వదలాలి. లంక కప్పని డబ్బాలో వేసుకుని గట్టుకి తేవడం, గట్టు కప్పని లంకలో వదలడం, అడుగుతున్న ప్రశ్ననే చెరిపేసే పని.

చివరగా శుభ్రత. కళ్ల వెనక గ్రంథుల నుంచి వచ్చే తెల్లటి పాలు వెర్నియర్ మూతులకి అంటుతుంది, ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటే మంట పుడుతుంది. కప్పకీ కప్పకీ మధ్య తొడుగు మార్చి, మూతుల్ని 70 శాతం స్పిరిటు దూదితో తుడవండి, ఆరాక మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడవండి. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ బూజు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి చేతుల మీదా, బూట్ల మీదా వెళుతుంది. రేవు దాటే ముందు బూట్ల మట్టి కడిగేయాలి. బ్లీచింగు నీళ్లు బూట్లకి సరే గానీ వెర్నియర్‌కి వాడొద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు కూడా దానికి మచ్చలు పడుతుంది. కోస్తా ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఇంటికి వచ్చాక పల్చగా మిషను నూనె రాయండి, వాడబోయే రోజు స్పిరిటుతో ఆ నూనె పూర్తిగా తీసేయండి, లేకపోతే అది కప్ప చర్మానికి అంటుతుంది. పెట్టెలో పెట్టేటప్పుడు మూతులు పూర్తిగా మూయకుండా ఒక మిల్లీమీటరు తెరిచి ఉంచండి. మళ్లీ రేవుకి బయల్దేరే ముందు మూసి సున్నా చూసుకుని, ఎంత వచ్చిందో ఆ రోజు పేజీలో మొదటి గీతగా రాయండి.